పంపర పనస పోసిన గ్లాసు

ముప్పై నాలుగేళ్లు పంజాగుట్టలో ఒక హోటల్ బారులో కౌంటర్ వెనక నిలబడ్డాను. ఒక్క చుక్క తాగలేదు. ఈ మాట నమ్మేవాళ్లు ఇద్దరే ఇద్దరు: మా ఆవిడ సుగుణ, మా చర్చి పాస్టరు గారు. పాస్టరు గారు కూడా మొదటి పదేళ్లు నమ్మలేదు. ఆరాధన అయ్యాక చెయ్యి కలపడానికి దగ్గరికొచ్చి, మెల్లగా ఒకసారి ఊపిరి పీల్చి చూసేవారు. నాకు తెలిసిపోయేది. నవ్వు ఆపుకుని నిలబడేవాణ్ని.

రిటైరయ్యాక అమీర్‌పేటలో వారానికి రెండు పూటలు పాఠం చెబుతున్నాను. మెట్రో స్టేషన్ దిగి, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులోకి తిరిగితే, మూడో అంతస్తులో హోటల్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడికొచ్చే పిల్లలు మొదటి రోజే సీసా గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం నేర్పమంటారు. నేర్పను. అది నాకు రాదు కూడా.

ఈ కాగితాలు ఆ పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, యూనిఫాం రంగు ఎప్పుడు మారింది అనే సంగతులు మీకెందుకూ పనికిరావు. నేను చేసిన ఒక పొరపాటు పనికొస్తుంది. అది బారులో చేసింది కాదు. యూసుఫ్‌గూడలో ఒక ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం, చుక్క మందు లేని నిమ్మ బత్తాయి పానీయం కలుపుతూ చేశాను. దాని వల్ల ఒక మనిషి కిడ్నీ పోయేదే. అది కూడా తన అక్క ఇచ్చిన కిడ్నీ.

మూర్తి గారి కొలత

నాకు పని నేర్పింది మూర్తి గారు. కాకినాడ వైపు మనిషి. మా బారుకి మేనేజరు. నేను చేరేనాటికి ఆయనకి యాభై దాటాయి. చొక్కా మీద ముడత ఉండేది కాదు, మాటలో దయ ఉండేది కాదు.

చేరిన మొదటి వారం, సీసా వంచి కళ్ల అంచనాతో నిమ్మరసం పోస్తున్నాను. ఆయన వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏంటయ్యా దాసూ, మీ అమ్మ పప్పులో ఉప్పేస్తోందా ఇక్కడ?"

"కరెక్టుగనే వస్తది సార్, చెయ్యి అలవాటైంది."

"అలవాటైన చెయ్యే మోసం చేస్తుంది. కొలత గిన్నె ఎందుకుందీ? రేపు ఎవడైనా వచ్చి ఆ గ్లాసులో ఏముంది, ఎంతుంది అని అడిగితే, మిల్లీలీటర్లలో చెప్పాలి నువ్వు. చెప్పలేకపోతే అది కలిపినట్టు కాదు, ఒలకబోసినట్టు."

ఆయన్ని ఆ రోజు మనసులో తిట్టుకున్నాను. ఎవడొచ్చి అడుగుతాడు, మిల్లీలీటర్లలో? ముప్పై ఏళ్లకు పైగా ఒక్కడూ అడగలేదు. అడిగిన రోజు గురించి ముందు ముందు రాస్తాను.

మూర్తి గారి దగ్గర నేను చేసిన మొదటి పెద్ద తప్పు బత్తాయిది. సాయంత్రం పెద్ద విందు ఉంది, చాలామంది మందు ముట్టని అతిథులు. తెలివిగా పని ముగించేద్దామని పొద్దున పదకొండుకే బత్తాయిలన్నీ పిండి ఫ్రిజ్‌లో పెట్టేశాను. సాయంత్రానికి ఆ రసం నోట్లో పెట్టుకోలేనంత చేదెక్కింది. బత్తాయి రసం పిండిన గంటకే మారడం మొదలవుతుంది, గింజ నలిగితే ఇంకా తొందరగా. మూర్తి గారు ఒక గ్లాసు నా చేతికిచ్చి, మొత్తం తాగమని, ఎదురుగా నిలబడి తాగించారు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ బత్తాయి ముందుగా పిండలేదు.

దొరకని పండు

ఆయన నేర్పిన రెండో విద్య, ఒకటి లేనప్పుడు ఇంకొకటి పెట్టి పని నడిపించడం. మా హోటల్‌కి గ్రేప్‌ఫ్రూట్ రసం డబ్బాల్లో వచ్చేది. అది పైదేశపు పండు, పులుపు, తీపి, చివర్లో సన్నటి చేదు. కొందరు అతిథులకి అదే కావాలి. ఒకసారి డబ్బాలు రాలేదు. మూర్తి గారు నన్ను పండ్ల మార్కెట్‌కి పంపి నాలుగు పంపర పనసలు తెప్పించారు. లోపల గులాబీ రంగున్నవే చూసి తెమ్మన్నారు. తొక్క తీసి, తెల్లటి పొర ఒలిచి, తొనలు నలిపి వడకట్టి, చిటికెడు ఉప్పేసి ఇచ్చారు. అతిథి తాగి, ఇంకొకటి తెమ్మన్నాడు.

"చూశావా, ఆ నాలుక కూడా పట్టుకోలేకపోయింది" అన్నారు మూర్తి గారు, జీవితంలో ఒకే ఒక్కసారి నా భుజం తట్టి.

ఆ తట్టు నాకు మెడల్ లాగా ఉండిపోయింది. అక్కడినుంచి గ్రేప్‌ఫ్రూట్ అనగానే నా చెయ్యి పంపర పనస వైపు వెళ్లేది. ఏళ్ల తరబడి దాన్ని నా సొంత విద్యలా చెప్పుకుని తిరిగాను. కొత్తగా చేరినవాళ్లకి చూపించి మీసం తిప్పాను.

ఇంట్లో చేసే విధం

రిటైరయ్యాక తెలిసినవాళ్లు ఇళ్లకి పిలవడం మొదలుపెట్టారు. పుట్టినరోజులు, ప్రధానాలు, గృహప్రవేశాలు. మా చర్చివాళ్లే ఎక్కువ. మందు లేని విందులో అందరి చేతుల్లో మెరిసే గ్లాసు ఉండాలని వాళ్లకీ ఉంటుంది. అందులో తప్పేం లేదు. రంగు సిరప్పులు పోసి, పొగలు కక్కే ఐసు ముక్కలు వేసి ఫోటోలు తీయించుకునే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. ఆ పొగ ఐసు పిల్లల నోట్లో పడితే ఏమవుతుందో ఆలోచించని వాళ్లు కౌంటర్ వెనక నిలబడకూడదు.

ఇంట్లో నేను చేసేది ఇది. నిమ్మకాయల్ని ముందు అరచేత్తో బల్ల మీద గట్టిగా దొర్లించాలి. పైపచ్చ తొక్కని మాత్రమే సన్నగా చెక్కి, చక్కెరలో వేసి వేళ్లతో నలిపి అరగంట పక్కన పెట్టాలి. తొక్కలో ఉన్న నూనె చక్కెరలోకి దిగి, గదంతా వాసన వస్తుంది. సగం రుచి అక్కడే ఉంది. నిమ్మకాయ పిండేటప్పుడు ఆఖరి చుక్క కోసం పీక నొక్కినట్టు నొక్కకూడదు, తెల్ల పొర చేదు దిగుతుంది. బత్తాయి అతిథులు చెప్పులు విడుస్తున్నప్పుడు పిండాలి. పుదీనాని నూరకూడదు, రెండు అరచేతుల మధ్య ఒక చరుపు చరిచి వెయ్యాలి. సోడా ఆఖర్న, గ్లాసు అంచు వెంబడి. ఐసు పెద్ద ముక్కలు. చిన్న ముక్కలు వేస్తే రెండు నిమిషాల్లో అతిథి చేతిలో పుల్లటి నీళ్లుంటాయి.

ఇంతవరకు నాకు బాగా తెలుసు. తెలియనిదల్లా, ఆ గ్లాసు పట్టుకున్న మనిషి ఒంట్లో అప్పటికే ఏముంది అన్నది. బారులో ఉన్నన్నాళ్లూ మందు వద్దన్నవాడి చేతిలో పండ్ల రసం పెట్టి, ఇక వీడికి ఏ భయమూ లేదు అనుకునేవాణ్ని. అదే నా బుర్రలో గడ్డకట్టిపోయింది.

సరిత పంపిన లిస్టు

మా ఇన్‌స్టిట్యూట్ కింద జిరాక్సు షాపు నరేష్‌ది. ముప్పై రెండేళ్ల కుర్రాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి, ఏడాదిన్నర డయాలసిస్ మీద ఉన్నాడు. అక్క సరిత తన కిడ్నీ ఇచ్చింది. ఆమె మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఆఫీసులో పని చేస్తుంది, మా యూసుఫ్‌గూడ సందులోనే ఇల్లు. ఆపరేషన్ జరిగి ఏడాది నిండిందని, ఇంట్లో ఇరవై మందిని భోజనానికి పిలుస్తున్నామని, గ్లాసుల పని నన్ను చూడమని అడగడానికి మా ఇంటికొచ్చింది.

"మా తమ్ముడు మొన్న దోస్తు పెండ్లికి పోయి పది నిమిషాలకే వాపస్ వచ్చిండు దాసన్నా" అంది. "అందరి చేతులల్ల గ్లాసులున్నయట. వీని చేతిల నీళ్ల బాటిల్. జ్యూస్ బాబు, జ్యూస్ బాబు అని నవ్విండ్రంట. గా దోస్తుల్నే పిలుస్తున్న ఇంటికి. ఆ దినం మా తమ్ముని గ్లాస్ అందరి గ్లాసుల కంటే మంచిగుండాలె."

"ఫికర్ జేయకు బిడ్డా. రాజా లెక్క పట్టుకుంటడు గ్లాసు."

"గని వీనికి అన్నీ పడవు. హాస్పిటల్ల లిస్టు ఇచ్చిండ్రు. పంపుత, చూడు."

వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఇంగ్లీషులో ఉంది. బయట ఐసు వద్దు, కోసి పెట్టిన పండ్లు వద్దు, ఉప్పు తక్కువ, గ్రేప్‌ఫ్రూట్ వద్దు. నేను ఆ లిస్టుని బైబిలు చదివినట్టు చదివాను. ఆ వారమంతా నీళ్లు కాచి చల్లార్చి, వాటితోనే ఐసు పెట్టాను. పండ్లన్నీ రెండుసార్లు కడిగాను. ఉప్పు చిటికెడుకి మించనివ్వలేదు. గ్రేప్‌ఫ్రూట్ వద్దు అన్న చోట నాకు నవ్వొచ్చింది. యూసుఫ్‌గూడలో గ్రేప్‌ఫ్రూట్ ఎవడు తెస్తాడు? అయినా ఆ చేదు తీపి రుచి నరేష్‌కి చూపించాలని మనసులో పడింది. బారుకి పోలేని కుర్రాడికి బారు రుచి. గ్రేప్‌ఫ్రూట్ లేకపోతే ఏం పెట్టాలో నాకు తెలియదా? అప్పుడే వినాయక చవితి వెళ్లింది, మార్కెట్ నిండా పంపర పనసలు. గులాబీ రంగువి ఆరు ఏరి తెచ్చాను.

నాలుకకి తేడా తెలియనంత దగ్గర చుట్టం ఆ పండు అని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. లిస్టులో వద్దన్నది దాని చుట్టాన్నే అని కూడా తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క క్షణం ఆలోచించలేదు. నా సంతోషంలో నేనున్నాను.

రెండు తొనలు

ఆదివారం పన్నెండున్నరకి వంటింట్లో తొనలు ఒలుస్తున్నాను. నరేష్ లోపలికొచ్చాడు. కొత్త చొక్కా, కొంచెం బెరుకు.

"ఏం పండన్నా గిది? గింత పెద్దగుంది."

"తిని చూడు."

రెండు తొనలు ఒలిచి అతని అరచేతిలో పెట్టాను. తిని, తల ఊపి, దోస్తుల దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పుడు వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం.

ఒంటిగంటకి గ్లాసులు పంచాను. నరేష్ దోస్తులు నలుగురు సోఫాలో, అతను మధ్యలో. ఒకడు తాగి, "అరే, మందు కలిపిండా ఏంది అన్న? మస్తుంది భాయ్" అన్నాడు. నరేష్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత వాడు అలా నవ్వడం చూస్తున్నానని సరిత నాతో మెల్లగా అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఏం వేసినవన్నా ఇందుల?" అడిగింది.

"బార్ల గ్రేప్‌ఫ్రూట్ వేస్తం గద, అది నీ లిస్టుల వద్దన్నరు. అందుకే దాని చెల్లెను తెచ్చిన" అన్నాను, గొప్పగా.

సరిత మొహంలో రంగు మారింది. "చెల్లె అంటే?"

"పంపర పనస. రెండింటికీ తేడా మనిషి పట్టుకోలేడు."

ఆమె గిర్రున తిరిగింది. నాలుగు అడుగుల్లో సోఫా దగ్గరికి వెళ్లి, తమ్ముడి చేతిలోంచి గ్లాసు లాక్కుంది. సగం ఖాళీ అయింది. దోస్తులు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి వాళ్ల సంగతి చూసే సిస్టర్‌కి సరిత ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సిస్టర్ గొంతు నెమ్మదిగానే ఉంది, కానీ ప్రశ్నలు గబగబా వచ్చాయి. పంపర పనస కూడా వద్దన్న పండే అని, లిస్టులో పేరు లేకపోయినా ఆ జాతే అని చెప్పింది. కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా వీళ్లు వేసుకునే మాత్ర ఉంటుంది. ఆ మాత్ర ఒంట్లో అరిగి బయటికి పోయే దారికి ఈ పండు అడ్డం పడుతుంది. మందు రక్తంలో మించిపోతుంది. మించితే, కిడ్నీని కాపాడాల్సిన మందే కిడ్నీని దెబ్బ తీస్తుంది.

"ఎంత తాగారు?"

"సగం గ్లాస్ మేడమ్" అంది సరిత.

"సగం గ్లాసంటే ఎంత? ఆ పండు రసం ఎంత పడింది అందులో? అంచనా చెప్పకండి, తెలిస్తే చెప్పండి."

ముప్పై ఏళ్లు ఎవడూ అడగని ప్రశ్న. మూర్తి గారు నా వెనకే నిలబడి మణికట్టు పట్టుకున్నట్టయింది. గ్లాసు తీసుకుని, ఐసు తీసేసి, మిగిలింది కొలత గిన్నెలో పోశాను. నమ్మకం చాలక రెండోసారి పోసి చూశాను. "మేడమ్, గ్లాసుకి పంపర పనస అరవై మిల్లీలీటర్లు, బత్తాయి ముప్పై, నిమ్మ పదిహేను, మిగతాది సోడా. మొత్తం నూట ఎనభై. తొంభై మిగిలింది. అందుల ఐసు కరిగిన నీళ్లుంటయి. కాబట్టి పండు రసం ముప్పై కంటే ఎక్కువే పోయింది, నలభై అనుకోండి."

అటు పక్క రాసుకుంటున్న చప్పుడు. "ఇది కాక ఇంకేమైనా తీసుకున్నారా? ఆ పండు విడిగా తిన్నారా?"

నరేష్ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. నేను చెప్పకపోతే వాడూ చెప్పడు. ఇంటినిండా జనం, వాళ్లమ్మ గుమ్మంలో, ఇప్పటికే అందరి కళ్లూ నా మీదున్నాయి. ఆ రెండు తొనలు నా చేత్తో నేనే పెట్టానని ఇంకెవరికీ తెలియదు. నేను నోరు తెరవలేదు. ఎంతసేపో చెప్పలేను, రెండు క్షణాలో మూడో. నా వృత్తి జీవితంలో నేను సిగ్గుపడేది ఆ మూడు క్షణాలకే. చేదెక్కిన బత్తాయికి కాదు, పంపర పనసకి కూడా కాదు.

"హలో? విడిగా తిన్నారా?"

"తిన్నడు మేడమ్" అన్నాను. "రెండు పెద్ద తొనలు. నేనే ఇచ్చిన. పన్నెండున్నరకి."

సరిత నా మొహంలోకి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం దాకా

సిస్టర్ డాక్టరుతో మాట్లాడి పావుగంటలో మళ్లీ చేసింది. సాయంత్రం మాత్ర సంగతి ఆయన చెప్పారు. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయను, అది ఒక్కొక్కరికి ఒక్కో రకం, చదివి ఎవరైనా వాడేస్తారని భయం. మర్నాడు పొద్దున మాత్ర వేసుకోకుండా వచ్చి పరీక్షకి రక్తం ఇమ్మన్నారు. ఈలోగా చేతులు వణికినా, మూత్రం తగ్గినా ఆగకుండా వచ్చెయ్యమన్నారు.

సోమవారం పొద్దున ఏడింటికి ఆస్పత్రిలో ఉన్నాను. నన్నెవరూ రమ్మనలేదు. వరండాలో ఇనప కుర్చీల్లో సరిత, నరేష్ పక్కపక్కన. నేను ఒక కుర్చీ వదిలి కూర్చున్నాను. నరేష్ తన రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్లు వణుకుతున్నాయేమో అని చూసుకుంటున్నాడు. దించుతాడు, మళ్లీ చాపుతాడు. వాడు చాపిన ప్రతిసారీ నేనూ ఆ వేళ్లే చూసేవాణ్ని. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. మాటలు సరిగా కుదరలేదు.

వాణ్ని రక్తానికి లోపలికి పిలిచాక, "తప్పైంది బిడ్డా" అన్నాను.

సరిత నా వైపు తిరిగింది. "తిట్టను అన్నా నిన్ను. తొనల సంగతి నువ్వు దాచలే, గదొక్కటి గుర్తుంటది నాకు" అంది. తర్వాత చీర కొంగు మీదుగా తన నడుం పక్కన చెయ్యి పెట్టుకుంది. "గని ఒక మాట యాదిపెట్టుకో. నా దగ్గర ఇంక ఒక్కటే ఉంది. మల్ల ఇద్దామంటే లేదు."

నరేష్ బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

మొదటి రిపోర్టులో మందు ఉండాల్సిన దానికంటే పైనే ఉంది. మాత్ర సర్దారు. మంగళవారం మళ్లీ రక్తం తీశారు. ఆ ఒక్క రోజూ నేను అన్నం సరిగా తినలేదు. ఇంట్లో ఉన్న పంపర పనసలు రెండు తీసుకెళ్లి చెత్తబండిలో వేశాను, వాటి తప్పేదో ఉన్నట్టు. సాయంత్రం నరేష్ ఫోన్ చేశాడు. మందు దిగుతోందట. కిడ్నీకి దెబ్బ తగిలినట్టు ఏమీ లేదట.

"జర భయపడ్డవా అన్నా?" అన్నాడు.

"జర కాదురా" అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

క్లాసులో మొదటి రోజు

ఇప్పుడు నా క్లాసులో మొదటి రోజు సీసాలు ఉండవు. పిల్లల్ని ఒకరికొకరు అతిథిగా నిలబెట్టి, ఒక ప్రశ్న అడిగిస్తాను: "మీరు రోజూ మందులేమైనా వాడతారా?" సిగ్గుపడతారు. నవ్వుతారు. అలా అడిగితే అతిథి ఏమనుకుంటాడు సార్ అంటారు. అనుకోనివ్వండి. మీరు డాక్టర్లు కారు, ఏది పడుతుందో ఏది పడదో మీరు తేల్చొద్దు. అడగండి, గ్లాసులో ఉన్నవన్నీ దాచకుండా చెప్పండి, అనుమానముంటే వాళ్లని వాళ్ల డాక్టర్ని అడగమనండి. ఒకటి లేదని ఇంకొకటి పెట్టినప్పుడు, పెట్టానని నోటితో చెప్పండి. మూర్తి గారు ఈ విషయంలో నాకు తప్పు నేర్పారు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. కొలత విషయంలో మాత్రం ఆయనకి చేతులెత్తి దండం పెడతాను.

మళ్లీ అదే ఇల్లు

ఆ తర్వాత పదకొండు నెలలు ఎవరింటికీ గ్లాసులు కలపడానికి వెళ్లలేదు. సాకులు చెప్పాను, మోకాళ్ల నొప్పులని, క్లాసులని. సుగుణకి నిజం తెలుసు, అడగలేదు.

రెండో ఏడాది నిండే ముందు సరిత మా ఇంటికొచ్చింది.

"ఆదివారం మనింట్ల భోజనాలు దాసన్నా. గ్లాసులు నువ్వే."

"నా వల్ల కాదు బిడ్డా. ఇంకెవరినన్నా చూసుకో."

"ఇంకెవరొస్తే వాళ్లు ఏం కలుపుతరో నాకేం ఎరుక? నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తవ్."

ఏం కలుపుతానో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని ఆస్పత్రి సిస్టర్‌కి చూపించి, ఒక్కో పేరు పక్కన టిక్కు పెట్టించుకుని వచ్చింది. ఆదివారం ఆ కాగితాన్ని వంటింటి గోడకి అంటించింది. నిమ్మకాయలు దొర్లించాను. తొక్క చెక్కి చక్కెరలో నలిపాను. జనం చెప్పులు విడుస్తుంటే బత్తాయిలు పిండాను. సరిత నా పక్కనే నిలబడి, నేను వేస్తున్న ప్రతిదాన్నీ గోడ మీది పేరుతో పోల్చి చూసుకుంది. నేను కూడా పైకి చెబుతూ వేశాను.

"నిమ్మ, పదిహేను. బత్తాయి, అరవై. చక్కెర, ఒక చెంచా. పుదీనా, నాలుగాకులు. ఉప్పు, చిటికెడు. సోడా."

మొదటి గ్లాసు ఆమె తీసుకుంది. నిలబడి, ఆపకుండా, మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకుని, హాల్లోకి కేకేసింది.

"నరేష్! రా, దాసన్న దగ్గర గ్లాస్ తీసుకో."

వాడు వచ్చి చెయ్యి చాపాడు. వేళ్లు నిలకడగా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు ఒంటిచేత్తో పోసినవాణ్ని, ఆ ఒక్క గ్లాసు పోయడానికి జగ్గుని రెండు చేతులతో పట్టుకున్నాను.